తాంబూలంలో రోమన్ రాజు

ప్రశాంతి పుట్టపర్తి ఆసుపత్రిలో పుట్టింది. అందుకని వాళ్ళ నాయన లక్ష్మన్న ముచ్చటపడి ఆ పేరు పెట్టుకున్నాడు. ఆ ముచ్చట పిల్లకు మాటలు వచ్చేదాకే నిలిచింది. ధర్మవరంలో ఆమెతో పని ఉన్న మగ్గంవాళ్ళెవరూ ఆ పేరును నవ్వకుండా పలకలేరు. కంప్యూటరు ముందు కూర్చుని పట్టుచీరల అంచులకీ బుటాలకీ గ్రాఫు గీయడం ఆమె పని. తను గీసిన నెమలికి తోక ఒక్క పోగు తగ్గినా మగ్గం దగ్గరికే వెళ్ళి నిలదీసే రకం.

అలాంటి పిల్లను చూసుకోవడానికి హిందూపురం నుంచి యువరాజ్ వచ్చాడు. పెనుకొండ దగ్గర హైవే మీద ఒక కార్ల విడిభాగాల ఫ్యాక్టరీలో క్వాలిటీ చూసే ఉద్యోగం. చిన్నప్పుడే అమ్మానాన్నా పోతే అవ్వ నీలావతమ్మ పెంచింది. ఇప్పుడు వెంట వచ్చిందీ ఆవిడే. కాఫీలయ్యాక పెద్దవాళ్ళు దగ్గి, సకిలించి, ఇద్దరినీ మాట్లాడుకోమని మిద్దె మీదికి పంపారు.

మిద్దె నిండా రంగు వేసిన పట్టునూలు ఆరేసి ఉంది. యువరాజ్ ఆ నూలును చూశాడు, ఆకాశం చూశాడు, తన చెప్పులు చూసుకున్నాడు. పిల్ల తప్ప అన్నీ చూస్తున్నాడని ప్రశాంతికి ఒళ్ళు మండింది.

"హాబీలేమన్నా ఉండాయా?" అని తనే అడిగింది.

ఆ ప్రశ్న కోసమే కాచుకుని ఉన్నవాడిలా అతను పర్సులోంచి చిన్న ప్లాస్టిక్ కవరు తీసి ఆమె చేతిలో పెట్టాడు. లోపల గుండ్రంగా, బూడిద రంగులో ఏదో ఉంది.

"ఏంది ఇది, చొక్కా గుండీనా?"

"రోమన్ వెండి నాణెం. రెండు వేల ఏండ్ల నాటిది."

"రాజు మొగం యాడ?"

"అరిగిపోయింది."

"అరిగిపోయిన మొగాన్ని అమ్మినాయన తెలివైనోడా, కొన్నాయన తెలివైనోడా?"

కోపం తెచ్చుకుంటాడనుకుంది. అతను నవ్వాడు. మొదటి జీతంతో జర్మనీలో ఒక పెద్దాయన దగ్గర తెప్పించుకున్నాడట. ఆ తర్వాత ముఖాలున్నవి, పేర్లున్నవి చాలా వచ్చాయి కానీ పర్సులో ఉండేది మాత్రం ఇదేనట.

"ఎన్ని చేతులు మారితే ఇంత నున్నగా అవుతాదో చూడండి. ఎవరో కూలి తీసుకునింటారు, ఎవరో బిడ్డకు పాలు కొనింటారు. మొగం లేకపోయినా దీన్ని చెల్లదని ఎవరూ అనలేదు."

ప్రశాంతి నాలుక మీద ఇంకో ఎగతాళి సిద్ధంగా ఉండింది. ఎందుకో అది బయటికి రాలేదు. ఆమె జీవితంలో ఇలా జరగడం అరుదు. తొందరేం లేదు, ఇద్దరం ఆలోచించుకుని ఇంట్లో చెప్దామని ఒప్పందం చేసుకుని మెట్లు దిగారు.

కింద అప్పటికే కథ అయిపోయింది.

వాళ్ళ ఇళ్ళల్లో ఒక ఆచారం ఉంది. పిల్ల నచ్చితే అబ్బాయి వైపు పెద్దావిడ తమలపాకులూ వక్కలతో పాటు ఒక వెండి బిళ్ళ పెట్టి పిల్ల తల్లి కొంగులో వేస్తుంది. వెండి తీసుకుంటే మాట తీసుకున్నట్టే, వెండి తిప్పి పంపితే మాట తిప్పి పంపినట్టే. నీలావతమ్మకు పిల్ల కాఫీ తెచ్చిన క్షణంలోనే నచ్చింది. తీరా చూసుకుంటే వెండి బిళ్ళ హిందూపురంలో పెట్టెలోనే ఉండిపోయింది. అప్పుడామెకు చేతిసంచీలో మనవడు దాచమన్న పార్శిల్ గుర్తొచ్చింది. పొద్దున్నే పోస్టాఫీసులో తీసుకున్నాడు, విప్పి చూసుకోవడానికి తీరిక దొరకలేదు. ఆవిడ విప్పింది. తళతళలాడే వెండి నాణెం. ఒక వైపు గడ్డం రాజు. ఇంకో వైపు నిలబడ్డ ఆడమనిషి, ఒక చేతిలో త్రాసు, ఇంకో చేతిలో పళ్ళూ గింజలూ పొంగిపొర్లుతున్న కొమ్ము.

"లచ్చిందేవే తల్లీ. మా యువరాజు ఫారిన్ నుంచి తెప్పించినాడు," అని ప్రశాంతి తల్లి ముత్యాలమ్మ కొంగులో వేసేసింది.

మెట్ల కిందికి వచ్చిన యువరాజ్ ఆ నాణెం చూసి, ముల్లు తొక్కినవాడిలా నిలబడిపోయాడు. ప్రశాంతి అది గమనించింది కానీ అర్థం కాలేదు. వాళ్ళు బస్సెక్కగానే, నన్నడక్కుండా మాట ఎట్లిస్తారని తల్లి మీద విరుచుకుపడింది. ముత్యాలమ్మ చల్లగా, పిల్లోడు బాగలేడా అని ఒకే ఒక్క మాట అడిగింది. బాగలేడని చెప్పడానికి ప్రశాంతికి నోరు రాలేదు. నిజం చెప్పాలంటే బాగున్నాడు, అదే ఆమె బాధ.

రెండ్రోజులు తిరక్కుండానే యువరాజ్ ఫోన్ చేశాడు. నేరుగా మాట్లాడాలి, పెనుకొండకు రాగలరా అన్నాడు. అతనికీ దగ్గర, ఆమెకూ దగ్గర. ప్రశాంతి సోమందేపల్లి మగ్గాలవాళ్ళకు డిజైన్ కార్డులు ఇవ్వాలని ఇంట్లో చెప్పి, పసుపు రంగు చుడీదార్ వేసుకుని, బస్టాండులో మూర మల్లెపూలు కొని పెట్టుకుంది. దారి పొడవునా, పూలు మరీ ఎక్కువయ్యాయేమోనని ఆలోచించింది.

పెనుకొండలో పాతకాలపు రాజుల గగన్ మహల్ మెట్ల దగ్గర సన్నగా చినుకులు పడుతున్నాయి. యువరాజ్ గొడుగు పట్టుకుని నిలబడి ఉన్నాడు. గొడుగు ఆమె వైపు చాపి, తను తడుస్తూ, ఒకటికి పదిసార్లు గొంతు సవరించుకున్నాడు. ప్రశాంతి పూలు సర్దుకుంది.

"మీ ఇంట్లో ఉండే నాణెం నాకు వెనక్కి కావల్లండి," అన్నాడు.

చినుకులు పడుతూనే ఉన్నాయి. పూలు మరీ ఎక్కువయ్యాయని ప్రశాంతికి అప్పుడు తేలిపోయింది.

"నాణెం కోసం పిలిచినారా?"

అతను హడావుడిగా అంతా చెప్పుకొచ్చాడు. ఆ నాణెం అతను కొన్నది కాదు. జర్మనీ పెద్దాయన ఇంట్లోనే కూర్చుని వ్యాపారం చేస్తాడు, రెండు కవర్ల మీద చిరునామాలు తారుమారు చేశాడు. యువరాజ్‌ది పోర్చుగల్‌లో ఒక టీచరుకు పోయింది, ఆ టీచరు ఏళ్ళ తరబడి వెతికి పట్టుకున్నది హిందూపురం వచ్చింది. దయచేసి పంపించమని పెద్దాయన దగ్గర్నుంచి మెయిల్ వచ్చింది. ఆ గడ్డం రాజువి దొరకడం చాలా అరుదట.

"అంత గొప్ప రాజా?"

"కాదు. మూడు నెలలే ఏలినాడు. సొంత సిపాయిలే చంపేసినారు. అందుకే ఆయన నాణేలు తక్కువ."

"అట్లాంటోన్ని తెచ్చి మా తాంబూలంలో పెట్టినారా?"

"అవ్వకు తెలీదు. మీ అమ్మకు చెప్పద్దండి, దండం పెడతా."

కోపంలో ఉన్నా ప్రశాంతికి నవ్వొచ్చింది. అతనూ నవ్వాడు. ఆ ధైర్యంతో తన ఉపాయం చెప్పాడు. హిందూపురంలో వెండి అంగట్లో అచ్చం అలాంటి సైజులో లక్ష్మీదేవి బిళ్ళ దొరుకుతుంది, గుట్టుగా దాన్ని అక్కడ పెట్టి దీన్ని తెచ్చేస్తే ఎవరికీ తెలియదు.

ప్రశాంతి నవ్వు ఆగిపోయింది. "మా అమ్మ దానికి రోజూ కుంకుమ పెట్టి మొక్కుతాండాది. మొక్కేటప్పుడు మీ పేరు, నా పేరు చెప్తాండాది. ఆయమ్మతో దొంగ బిళ్ళకు మొక్కించమంటారా?"

అతని ముఖం చిన్నబోయింది. తప్పయింది అన్నాడు, నిజంగానే అన్నాడు. ఇక మిగిలింది ఒకటే దారి, పెద్దవాళ్ళకు చెప్పి నాణెం తిప్పి ఇవ్వడం. అది ఇద్దరికీ తెలుసు, దాని అర్థమూ తెలుసు. ప్రశాంతి అతని కళ్ళలోకి చూస్తూ అడిగింది.

"వెండి వెనక్కొస్తే మాట వెనక్కొచ్చినట్టే గదా. మీకేమన్నా ఇబ్బందా?"

అడిగిన తీరు తేలికగానే ఉంది. జవాబు మాత్రం ఆమెకు తేలిక కాదు. యువరాజ్ గొడుగు పిడిని తిప్పాడు, మెట్లు చూశాడు, వాన చూశాడు.

"ఆ పెద్దాయన దుడ్లు చేరకముందే నన్ను నమ్మి పంపుతాడు. పంపిస్తానని మాటిచ్చినాను," అన్నాడు.

మంచివాడే. కానీ మంచివాళ్ళకు అడిగిన ప్రశ్నకు జవాబు చెప్పడం రాదు. ప్రశాంతి వచ్చిన దారినే బస్సెక్కి, పూలు తీసి కిటికీలోంచి పారేద్దామనుకుంది. పూలేం పాపం చేశాయిలే అని ఊరుకుంది.

ఇంట్లో చెప్తానని అతనికి చెప్పిందే కానీ ఆమె వెంటనే చెప్పలేదు. రేపు, రేపు అని వాయిదా వేసింది. ఎందుకు వేస్తోందో తనకు తెలుసు, ఒప్పుకోవడానికే మనసు రాలేదు. యువరాజ్ మాత్రం రోజూ సాయంత్రం డ్యూటీ దిగగానే ఫోన్ చేసేవాడు.

"నాణెం ఎట్లుండాది?"

"బాగుండాది. పొద్దున రెండు ఇడ్లీ తినింది."

అక్కడ మొదలైన మాట ఎక్కడెక్కడికో పోయేది. మెరిసేదాకా తోమితే పాత నాణెం పాడవుతుందని, ముఖం ముట్టుకోకుండా అంచులు పట్టుకుని తీయాలని అతను చెప్పేవాడు. జరీ అంచు నేసేటప్పుడు కుడిచేయీ ఎడమచేయీ ఒకేలా ఆడకపోతే చీర ఎలా ముడుచుకుపోతుందో ఆమె చెప్పేది. అవ్వ మోకాళ్ళ నొప్పులు, ఫ్యాక్టరీ క్యాంటీన్ సాంబారు, అన్నీ వచ్చేవి. పూజగూట్లో నాణెం చూసి చూసి ప్రశాంతి దాని చుట్టూ ఉన్న చుక్కల వరుసను గ్రాఫు మీద గీసింది. చుక్కలు, మధ్యలో త్రాసు, మళ్ళీ చుక్కలు. ఆమె గీసిన అంచులన్నిటిలోకీ అది అందంగా వచ్చింది.

అయినా ఒక ముల్లు గుచ్చుతూనే ఉండింది. ఈ ఫోన్లు తనకా, నాణేనికా? నాణెం పూజగూట్లో ఉన్నన్నాళ్ళూ ఆ సంగతి తేలదు. నాణెం వెళ్ళిపోయాక అతను మళ్ళీ వస్తేనే తేలేది. వస్తాడో రాడో అన్న భయంతోనే ఆమె దాన్ని పంపలేకపోతోంది.

ఆ ముడిని ముత్యాలమ్మే తెంపింది. వచ్చే శుక్రవారం కంసాలి దగ్గర నాణేనికి కొక్కెం అతికించి గొలుసుకు వేయిస్తానని సంబరంగా చెప్పింది. నిప్పు తగిలితే నాణెం గతేమిటో ప్రశాంతికి తెలుసు. ఎక్కడో పోర్చుగల్‌లో ఒక టీచరు పోస్టుమ్యాన్ కోసం గుమ్మంలో నిలబడినట్టు, జర్మనీలో ఒక ముసలాయన సిగ్గుతో తల దించుకున్నట్టు ఆమె కళ్ళకు కట్టింది. అమ్మనూ నాయననూ కూర్చోబెట్టి మొత్తం చెప్పేసింది, మూడు నెలల రాజుతో సహా.

ముత్యాలమ్మ చాప మీద కూలబడింది. ఇన్నాళ్ళూ తను కుంకుమ పెట్టిన లక్ష్మి వెనకాల చంపబడ్డ రాజున్నాడంటే ఆమె ప్రాణం గిలగిల్లాడింది. ఇది దేవుడు చూపించిన శకునమే, ఈ సంబంధం మనకొద్దు అంది.

"రాజు సంగతి నాకు తెలీదు," అన్నాడు లక్ష్మన్న. "మనది కాని వెండి మన ఇంట్లో ఉండకూడదు. ఇచ్చేయల్ల. ఇచ్చినాంక మాట లేనట్టే. అది మనం పెట్టిన పద్ధతి గాదు మ్మే."

మర్నాడు ధర్మవరం స్టేషన్లో హిందూపురం నుంచి వచ్చే ప్యాసింజరు ఆగింది. యువరాజ్ దిగాడు. ప్రశాంతి తమలపాకులో చుట్టిన నాణేన్ని, అంచులు పట్టుకునే, అతని అరచేతిలో పెట్టింది. కుంకుమ అలాగే ఉంది. తుడవడానికి ఆమెకు మనసొప్పలేదు.

"ఆ పెద్దాయన దగ్గర మీకు మాట రాకుండా చేసినాను," అంది.

అతను ఏదో చెప్పబోయాడు. అవతలి ప్లాట్‌ఫారం మీద హిందూపురం వెళ్ళే బండి కూత పెట్టింది.

"పోయొస్తా," అన్నాడు.

పోయొస్తానన్నది అందరూ అందరితో అనే మాటే. పాలవాడు కూడా అంటాడు. ఇంటికి నడుస్తూ ప్రశాంతి ఆ సంగతి తనకు తానే పదేపదే చెప్పుకుంది.

ఆ సాయంత్రం ఫోన్ రాలేదు. మర్నాడూ రాలేదు. నాణెం ఎట్లుండాది అని అడగడానికి నాణెం లేదు కదా. తేలాల్సింది తేలిపోయిందనుకుంది. ఏడవకూడదని గట్టిగా అనుకుని, అనుకున్న చోటే కూర్చుని ఏడ్చింది. ఆషాఢం గాలి మగ్గాల గుంటల్లోకి దుమ్ము తోలుతూ ఉంటే ఆమె ఎవరినీ నిలదీయకుండా పని చేసుకుపోయింది. ప్రశాంతి నిజంగా ప్రశాంతంగా ఉండటం చూసి మగ్గాలవాళ్ళు భయపడ్డారు. ఒక నెమలికి తోకే లేకుండా పోయినా ఆమె ఏమీ అనలేదు. ముత్యాలమ్మ అది కూడా చూసింది. శకునం సంగతి మళ్ళీ ఎత్తలేదు.

శ్రావణమాసం మొదటి శుక్రవారం పట్టపగలు కుండపోతగా వాన. వీధి తలుపు కొట్టిన చప్పుడుకు ప్రశాంతే వెళ్ళి తీసింది. ఒక గొడుగు కింద నీలావతమ్మ పొడిగా, ఆ గొడుగు పట్టుకున్న యువరాజ్ ముద్దగా తడిసి నిలబడి ఉన్నారు.

"నాణెం ఈడ లేదే," అంది ప్రశాంతి.

"తెలుసు. వాళ్ళకు చేరింది. కుంకుమ ఎందుకుండాదని ఆ టీచరు అడిగినాడంట," అన్నాడు యువరాజ్.

నీలావతమ్మ చాప మీద కూర్చుని మోకాళ్ళు పట్టుకుంటూ ముత్యాలమ్మతో చెప్పుకుంది. వెండి తిరిగొచ్చాక ఆ పిల్లతో మాట్లాడే హక్కు నీకు లేదు, మళ్ళీ తాంబూలం ఇచ్చేదాకా ఫోన్ ముట్టుకోవద్దని తనే మనవడి చేత ఒట్టు వేయించుకుందట. ఆషాఢంలో పెండ్లి మాట ఎత్తకూడదాయె. వీడు నెలంతా క్యాలెండరు ముందు నిలబడి, అన్నం సహించక, తన ప్రాణం తీశాడట.

ప్రశాంతికి ఆషాఢం అన్న సంగతే తట్టలేదు. తనను తిట్టుకోవాలో అతన్ని తిట్టాలో తెలియలేదు. ఇంతలో యువరాజ్ పర్సు తీశాడు. తమలపాకులు, వక్కలు, వాటి మీద ప్లాస్టిక్ కవరులోంచి తీసిన ఆ బోడి నాణెం. ఈసారి అవ్వ చేత కాదు, తన చేతులతోనే తట్టలో పెట్టాడు.

ముత్యాలమ్మ వంగి చూసి, కళ్ళద్దాలు పెట్టుకుని ఇంకోసారి చూసింది. "లచ్చిందేవి యాడప్పా దీంట్లో?"

"లేదత్తా. దీని మీద ఎవరూ లేరు. అందుకే దీన్ని ఎవరూ వెనక్కి అడగరు. నేనూ అడగను." తర్వాత అతను, పెద్దవాళ్ళు ఉన్నారన్నది కూడా మరిచి, ప్రశాంతి వైపు తిరిగాడు. "ఆరోజు పెనుకొండలో ఒక మాట అడిగినావు. నాకేమన్నా ఇబ్బందా అని. ఇబ్బందే. శానా ఇబ్బంది. నువ్వు లేకుంటే నాకు ఏ పొద్దూ గడవదు."

మీరు కాస్తా నువ్వు అయిపోయింది. ఇంట్లో ఎవరూ దాన్ని సరిదిద్దలేదు. లక్ష్మన్న వాన తగ్గిందేమో చూస్తున్నట్టు కిటికీ వైపు తిరిగాడు.

నీలావతమ్మ తట్టను ముందుకు జరిపింది. "రాజు మొగం ఎట్ల అరిగిపోయిందో, వీళ్ళిద్దరి మొగాలూ అట్ల అరిగిపోయేదాంకా కలిసుండల్ల," అంది.

ముత్యాలమ్మ కొంగు పట్టలేదు. కూతురి వైపు చూసింది. "పోయినసారి నిన్ను అడగలేదని కొట్లాడితివి గదా. ఇప్పుడు అడుగుతాండా. తీసుకుందునా?"

"వద్దు," అంది ప్రశాంతి. యువరాజ్ ముఖం పాలిపోయేదాకా ఆగి, చున్నీ రెండు చేతులా చాపి అతని ముందుకు వచ్చింది. "నేనే తీసుకుంటా. కానీ చొక్కా గుండీని తాంబూలంలో పెట్టినావని ఊరంతా చెప్తా."

అతను ఆకులూ వక్కలూ నాణెమూ ఆమె చున్నీలో వేశాడు. ప్రశాంతి నాణేన్ని అంచులు పట్టుకుని తీసి, పూజగూట్లో ఖాళీగా ఉన్న చోట పెట్టింది. కుంకుమ ఎక్కడ పెట్టాలో తెలియక ముత్యాలమ్మ కాసేపు తికమకపడి, చివరికి నాణెం నట్టనడుమ పెట్టింది.